రెండు వందల పదిహేడో నంబరు

పింఛన్ల ఆఫీసు వరండాలో, మెట్లెక్కగానే కుడిచేతి వైపు స్తంభం దగ్గర, ఒక మడతబల్లా దాని మీద ఒక టైపు మిషనూ ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. ఆ బల్ల వెనక కూర్చునే మనిషిని అందరూ అర్జీలాయన అంటారు. ఏ కాగితానికి ఏ కొర్రీ పడుతుందో లోపలి గుమాస్తాలకంటే ముందు అతనికే తెలుసు. అతను రాసిన అర్జీ వెనక్కి రాదని పేరు. పనిమంతుడే. మంచివాడా అని మాత్రం ఎవరూ అడగలేదు. అర్జీ రాయించుకోవడానికి వచ్చినవాడికి ఆ ప్రశ్నతో పనేముంది?

ఇంట్లో భార్యా, డెబ్భై ఎనిమిదేళ్ళ తండ్రీ. వీధిలో ఆ ముసలాయనకు మర్యాద ఎక్కువ. పాత దొరతనం రోజుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన, "అప్పుడు నేను జైల్లో ఉన్నాను" అనేవాడు. విన్నవాళ్ళు లేచి కుర్చీ ఇచ్చేవాళ్ళు. అది అబద్ధమేమీ కాదు. ఊచలకు ఏ వైపున ఉన్నాడని ఎవరూ అడగలేదు, అంతే. ఆయన ఆ జైల్లో వార్డరు.

ఆ ఏడు ప్రభుత్వం కొత్త ఉత్తర్వు వేసింది. స్వాతంత్ర్యం కోసం ఆరునెలలకు తక్కువ కాకుండా జైల్లో ఉన్నవాళ్ళకు, వాళ్ళు లేకపోతే వాళ్ళ భార్యలకు, జీవితాంతం పింఛను. జనం బారులు తీరారు. చిక్కల్లా ఒక్కటే. పాత దొరతనం మూట సర్దుకుపోయిన రోజునే జైలు రిజిస్టర్లన్నీ తగలబడిపోయాయి. కాగితం లేనివాడు తనతోపాటు జైల్లో ఉన్న ఇద్దరి చేత సాక్ష్యం ఇప్పించాలి. ఆ ఇద్దరూ బతికుండాలి, వాళ్ళ దగ్గర కాగితం ఉండాలి. అదీ కుదరకపోతే విచారణకు వచ్చే అధికారికి కళ్ళారా చూసి నమ్మకం కలగాలి. కాగితం లేనివాడికి కాగితం లేనివాడు సాక్ష్యమిస్తే గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టేనని అర్జీలాయన నవ్వేవాడు.

ఒక ముసురు పట్టిన ఉదయం అతని బల్ల ముందుకు ఒక ముసలామె వచ్చింది. బజారు చివర, కాపురానికి వచ్చిన ఇరుకు గదిలోనే మిషను పెట్టుకుని పాతబట్టలు కుట్టుకు బతికే మనిషి. పిల్లలందరికీ కుట్టు మామ్మ. పెళ్ళయిన రెండు నెలలకే ఆమె భర్తను పట్టుకుపోయారు. ఆ తరవాత మనిషి రాలేదు, శవమూ రాలేదు. ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. అది కూడా ఒక వరదలో కరిగి ముద్దయిపోయింది. కానీ అంతకుముందు ఏళ్ళ తరబడి చదువుకున్న ఉత్తరం కదా, మామ్మ కళ్ళు మూసుకుని అప్పజెప్పింది.

"నా నంబరు రెండు వందల పదిహేడు. పడమటి వరసలో మూడో గది. ముగ్గురం ఉన్నాం. ఒకాయనకు దగ్గు. ఇంకొకాయన పొద్దస్తమానం గొంతులోనే ఏదో కూనిరాగం తీస్తుంటాడు, మాట మాత్రం మాట్లాడడు. నా తలవైపు గోడలో ఒక రాయి కదులుతుంది. దాని వెనక నీకోసం తీగను అరగదీసి ఒక సూది చేసి దాచాను. వచ్చేటప్పుడు తెస్తాను."

అర్జీలాయన అంతా టైపు చేశాడు. చివర్లో ఆమె, పింఛను ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మనిషి ఏమయ్యాడో ఆఫీసువాళ్ళు కనుక్కుని చెబుతారా బాబూ అని అడిగింది. అతను కాగితం బయటికి లాగి, నోటి మాట చెల్లదనీ, ఉత్తరం ఉంటే వేరే సంగతనీ, ఊరికే తిరిగి కాళ్ళు అరగదీసుకోవద్దనీ చెప్పి పంపేశాడు. ఆమె మెట్లు దిగిపోయింది. కాగితం మాత్రం అతని సంచిలోకి పోయింది.

ఆ సాయంత్రం వీధరుగు మీద కూర్చుని తండ్రికి ఆ కాగితం చదివి వినిపించాడు. ఊరికే, కాలక్షేపానికి. నంబరు దగ్గరికి వచ్చేసరికి ముసలాయన చేతిలో నీళ్ళ గ్లాసు ఆగిపోయింది. దాన్ని కింద పెట్టాడు. తరవాత గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. పోయిన భార్యకు గానీ, కన్న కొడుక్కు గానీ, ఎవరికీ చెప్పని మాట అది.

రిజిస్టర్లు తగలబెట్టమని పైనుంచి హుకుం వచ్చిందట. వాటిని పెరట్లోకి మోసింది ఆయనే. ఇంకోపక్క ఖైదీలను విడిచిపెడుతున్నారు. వరస వరసకూ రిజిస్టరు చూసి నంబర్లు పిలవడం, తలుపు తియ్యడం. పడమటి వరస రిజిస్టరు అప్పటికే మంటలో ఉంది. ఆ వరసలో తక్కిన గదులు ఎప్పటినుంచో ఖాళీ, మూడోదొక్కటే నిండుది. పిలవడానికి కాగితం లేదు, అందుకని ఎవరూ పిలవలేదు. మూడో గది తాళంచెవి ఈయన నడుముకే వేలాడుతోంది. ఎవరో ఒకరు తీస్తారులే అనుకున్నాడు. బయట లారీ కదులుతోంది. ఎక్కేశాడు. పదకొండు రోజుల తరవాత కొత్త ప్రభుత్వం వాళ్ళు వచ్చి జైలంతా తెరిచారు. వాసనను బట్టి ఆ తలుపు పగలగొట్టారు. లోపల ముగ్గురు. ఎవరని రాసుకోవడానికి నంబరు కూడా లేదు.

"ఆ తాళంచెవి ఏం చేశావు?" అని కొడుకు అడిగాడు.

దారిలో వంతెన మీంచి ఏట్లో విసిరేశానన్నాడు ముసలాయన.

కొడుకు కొంచెంసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ ముగ్గురి గురించి ఆలోచిస్తున్నాడనే అనుకున్నాడు తండ్రి. కొడుకు అడిగింది వేరు. ఆనాటి వార్డర్లలో ఇంకెవరైనా మిగిలారా? ఎవరూ లేరు. జైలరు? పోయాడు. ఖైదీల్లో పడమటి వరస ఎరిగినవాడు? ఆ ముగ్గురే.

"అయితే ఇంకేం నాన్నా," అన్నాడు అర్జీలాయన. "చచ్చినవాళ్ళు కొర్రీలు వెయ్యరు."

మర్నాటినుంచి ముసలాయనకు చదువు మొదలైంది. నంబరు, వరస, గది, దగ్గు, కూనిరాగం, రాయి, సూది. ముసలాయన అన్నీ చెప్పేవాడు, నంబరు దగ్గర మాత్రం నోరు పెగిలేది కాదు. ఆ నంబరు నా నోటితో చెప్పించకురా, అది నాది కాదురా అని బతిమాలాడు. కొడుకు గొంతు పెంచలేదు, చెయ్యెత్తలేదు. కంచం మాత్రం వంటగదిలోనే ఉంచాడు. నంబరు చెబితే కంచం వస్తుంది. భార్య అడ్డు చెప్పబోతే, ఇది పెద్దవాళ్ళ మంచికేనన్నాడు. మూడోరోజు మధ్యాహ్నం ముసలాయన గోడకేసి చూస్తూ, తడబడకుండా అన్నాడు.

"నా నంబరు రెండు వందల పదిహేడు."

కంచం వచ్చింది. ఆ రోజునుంచే మామగారికి దగ్గు పట్టుకుందని కోడలు కషాయం కాచి తీసుకెళ్ళింది. తీరా చూస్తే ఆయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు. దగ్గు మాత్రం గదిలోనే వినిపిస్తోంది.

విచారణకు వచ్చిన అధికారి కొత్తగా బదిలీ అయిన ఆడమనిషి. ఆఫీసరమ్మ నెమ్మదస్తురాలు, గీత దాటని మనిషి. ముసలాయన పేర పెట్టిన అర్జీ అంతా చదివి, సాక్షులు లేరు కనక పెద్దాయన స్వయంగా వచ్చి తానున్న గది చూపిస్తే చాలునని కబురు పంపింది. అర్జీలాయన లోలోపల పొంగిపోయాడు. ఆ జైల్లో ప్రతి మూలా తండ్రికి కంఠతా వచ్చు.

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళారు. పాత జైలు ఇప్పుడు సర్కారు గోడౌను. విరిగిన బెంచీలు, తుప్పు బీరువాలు, తాళ్ళతో కట్టిన కాగితాల కట్టలు. కాపలాదారు ముందు నడిచి పడమటి వరస తలుపు తీశాడు. మబ్బు పట్టిన ఆకాశం. సన్నటి పొడుగాటి వసారాలోకి వెలుతురు నాలుగడుగులు వచ్చి ఆగిపోయింది. ఆ తరవాతంతా మసక. తడిసిన సున్నం వాసన, ఎలుకల వాసన. వాటి అడుగున ఇంకేదో… కాలిన అట్టల వాసన. యాభై ఏళ్ళ కింద ఆరిన మంట వాసన ఇంకా ఉంటుందా అనుకున్నాడు అర్జీలాయన.

మూడో తలుపు ముందు ముసలాయన ఆగాడు. ఆయన కుడిచెయ్యి దానంతట అదే నడుము దగ్గరికి పోయి, లేని తాళంచెవి కోసం తడుముకుంది. ఆఫీసరమ్మ గమనించలేదు. కొడుకు గమనించి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

కాపలాదారు తాళం తీశాక, లోపలికి వెళ్ళి పడుకున్న చోటు చూపించమంది ఆఫీసరమ్మ. ముసలాయన కొడుకు వైపు తిరిగాడు. ఆ ముఖంలో రంగు లేదు.  కొడుకు ఆయన వీపు మీద అరచెయ్యి ఆనించాడు. చూసేవాళ్ళకు అది ఆసరాలాగే ఉంది.

"వెళ్ళు నాన్నా," అని చెవిలో అన్నాడు. "అయిదు నిమిషాల పని."

నెట్టాడు.

ముసలాయన చీకట్లోకి వెళ్ళాడు. ఊచల తలుపు నెమ్మదిగా వచ్చి మూసుకుంది. ఇక్కడ నేల వాలుగా ఉంటుందమ్మా, తలుపులన్నీ అంతే అన్నాడు కాపలాదారు.

ఆఫీసరమ్మ బయటినుంచే ఒక్కొక్క ప్రశ్నా వేసింది. నంబరు అడిగింది. జవాబు వచ్చింది. ఎన్నాళ్ళున్నారని అడిగింది.  ఇంకా ఉన్నాను అన్నాడు ముసలాయన. ఆమె అది ముసలితనపు తడబాటనుకుని దిద్ది రాసుకుంది. రాయి సంగతి అడిగింది. చీకట్లో రాయికి రాయి ఒరుసుకున్న చప్పుడు… చాలాసేపు. తరవాత ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అరచేతిలో నల్లబడ్డ సన్నటి సూది.

ఆఫీసరమ్మ ముఖం మారిపోయింది. రెండు వేళ్ళతో దాన్ని తీసుకుని కవర్లో పెట్టి, పైన ఫైలు నంబరు రాసింది. ఆఖరి ప్రశ్న అడిగింది. మీతో ఎవరున్నారు?

లోపల ఎవరో దగ్గారు.

పొడి దగ్గు, ఛాతీ లోతునుంచి. అది ఆగకముందే… కూనిరాగం. గొంతులోనే, నోరు విప్పకుండా. రెండూ ఒకేసారి.

ఆమె కళ్ళు తుడుచుకుని రాసుకుంది. "సహ ఖైదీల అలవాట్లను అనుకరించి చూపించారు. పూర్తిగా నమ్మదగిన మనిషి." సంతకం తీసుకోవడానికి పెద్దాయన్ని వెలుతురులోకి తీసుకురమ్మని చెప్పి, కాపలాదారుతో వసారా మొదటికి నడిచింది.

అర్జీలాయన ఒక్కడే మిగిలాడు. ఒక మనిషి ఒక్క గొంతుతో ఒకేసారి దగ్గుతూ రాగం తియ్యలేడని అతనికి అప్పుడు తట్టింది.

ఊచల వెనక తండ్రి నిలబడి ఉన్నాడు. నిటారుగా. ఇరవై ఏళ్ళుగా వంగిన నడుము… వంగి లేదు. నోరు మూసే ఉంది. కానీ తండ్రి గొంతు వినిపించింది. ఆయన వెనకనుంచి. గోడ మూలనుంచి. నేలకు దగ్గరగా.

"ఒరేయ్… బాబూ… తలుపు తియ్యరా… నన్ను వీళ్ళు లెక్కలో కలిపేసుకున్నారురా…"

  ఊచల వెనక నిలబడ్డ ముఖం అతన్నే చూస్తోంది. అది తండ్రి ముఖమే. చూపు మాత్రం పాతికేళ్ళ కుర్రాడిది.

"ముగ్గురు ఉండాలి," అంది ఆ నోరు నెమ్మదిగా. "ఉన్నారు. నన్ను పోనివ్వండి."

"వాడి మాట వినకురా… నేనిక్కడున్నాను… చెయ్యి పట్టుకుని లాగరా…" మూలనుంచి గోళ్ళు నేలను గీరుతున్న చప్పుడు. "ఒరేయ్ నాన్నా…"

చిన్నప్పుడు జ్వరమొస్తే ఆ గొంతే అలా పిలిచేది. అర్జీలాయన ఊచలు పట్టుకున్నాడు. తలుపు తీసి లోపలికి రెండడుగులు వేస్తే మూలకు చెయ్యి అందుతుంది. అవతల వసారా మొదట్లోనుంచి ఆఫీసరమ్మ పిలిచింది. సంతకం ఒక్కటే మిగిలిందండీ, పెద్దాయన్ని తీసుకురండి.

అతను తలుపు తీశాడు. నిలబడ్డ మనిషి బయటికి వచ్చాడు. మూలనుంచి ఏదో పాక్కుంటూ వస్తోంది… తొందర తొందరగా… గడప దాకా వచ్చేసింది.

అతను తలుపు మూసేశాడు. గడియ పెట్టాడు. కాపలాదారు వచ్చి తాళం వేశాడు. కాపలాదారుకు లోపలినుంచి ఏ చప్పుడూ వినిపించినట్టు లేదు.

ఇంటికి తీసుకొచ్చిన మనిషికి ఇంటి దారి తెలియలేదు. కంచం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా తినేవాడు. ఏ గది తలుపు మూసినా లేచి వచ్చి తెరిచేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నాలుగోరోజు కోడలు వణుకుతూ, ఈయన మామయ్యగారు కాదండీ అంది. కాగితం మీద ఆయనే కదా, నోరు మూసుకో అన్నాడు అర్జీలాయన. పింఛను మంజూరైంది. సూది ఆఫీసు బీరువాలో సీలు వేసిన కవర్లో భద్రంగా ఉంది. జైలు వైపు దారి మాత్రం అతను మానేశాడు. బజారుకు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

నెల తిరిగేసరికి కుట్టు మామ్మ మళ్ళీ వరండాలోకి వచ్చింది. ఈసారి అర్జీ కోసం కాదు. నిలబడే చెప్పింది.

"నిన్న మీ నాన్నగారు నా గుమ్మంలోకి వచ్చారు బాబూ. ఈ ఇంట్లో ఒక అమ్మాయి ఉండాలి, ఏదమ్మా అని నన్నే అడిగారు. పేరు పెట్టి అడిగారు. ఆ పేరుతో నన్ను లోకంలో ఒక్క మనిషే పిలిచాడు. నా ముఖంలోకి చూస్తూనే ఉన్నారు, పోల్చుకోలేదు. నేనే అని ఎలా చెప్పను? ఈ ముడతలతో? ఆ పిల్ల ఎప్పుడో వెళ్ళిపోయింది నాయనా అన్నాను. ఎటు వెళ్ళిందన్నారు. తెలీదన్నాను. అక్కడే మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు."

మీ నాన్నగారికి ఆ పేరు ఎవరు చెప్పారని అడిగింది. అర్జీలాయన టైపు మిషనులో కాగితం సరిచేస్తూ, జైల్లో ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారట, కబుర్లలో విని ఉంటారన్నాడు. అయితే మా ఆయన ఏమయ్యాడో ఆయనకు తెలిసే ఉంటుంది కదా అందామె. ఇలాంటి ప్రశ్నలు మొదలైతే ఫైలు మళ్ళీ తెరుచుకుంటుంది. అతను తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"అందరితోపాటే విడుదలయ్యాడట మామ్మా. వేరే ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకున్నాడని విన్నాం. నీకు చెప్పడమెందుకని ఊరుకున్నాను."

 మామ్మ కొంగుతో నోరు నొక్కుకుంది. యాభై ఏళ్ళు తిన్నగా నిలబడ్డ మనిషి, ఆ నాలుగు మెట్లూ కూర్చుని కూర్చుని దిగింది.

మర్నాడు పొద్దున ముసలాయన వీధి గుమ్మంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, బజారు చివరి వైపు. ఎత్తబోయినవాళ్ళు ఉలిక్కిపడ్డారు. పసిపిల్లాడంత బరువు కూడా లేడు. వీధి వీధంతా వచ్చి గౌరవంగా సాగనంపింది. ఆఫీసరమ్మ పూలదండ పంపింది. అర్జీలాయన చెయ్యాల్సినవన్నీ చేశాడు, స్నానం చేశాడు, రెండు రోజులు నిద్రపోయాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. ఎవరు పోయారో, ఎవరు ఉన్నారో, ఆ లెక్క తనకెందుకనుకున్నాడు.

మూడోరోజు మరణ ధ్రువపత్రం పట్టుకుని పింఛన్ల ఆఫీసులోకి వెళ్ళాడు. అది బతికున్నట్టు సంతకాలు పెట్టే నెల. పింఛనుదారులందరూ ఏటా ఒకసారి వచ్చి, మేం బతికే ఉన్నామని వేలిముద్ర వేసిపోవాలి. గుమాస్తా మరణపత్రం చదివి, మళ్ళీ చదివి, వెర్రిగా నవ్వాడు. కొత్త పుస్తకం తీసి అతని వైపు తిప్పాడు. తండ్రి పేరు. ఆ రోజు తేదీ. పక్కన వేలిముద్ర. సిరా ఇంకా ఆరలేదు.

"ఇప్పుడే కదండీ వచ్చి వెళ్ళారు," అన్నాడు గుమాస్తా. "పావుగంట కూడా కాలేదు. బాగా నీరసించిపోయారు పాపం. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. కుర్చీ వేశాను. వాళ్ళు కూర్చోనివ్వలేదు."

అర్జీలాయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఆయనేమన్నారని అడిగాడు.  

"మొదట్లో ఆయనేమీ మాట్లాడలేదు. వెళ్తూ వెళ్తూ ఆ ఇద్దర్లో దగ్గుతున్న ఆయన మీ గురించి అడిగాడు. రాత్రిళ్ళు ఏ గదిలో పడుకుంటారని. నాకేం తెలుసండీ అనబోయాను…"

గుమాస్తా పుస్తకం మూశాడు.

"ఈలోపు మీ నాన్నగారే చెప్పేశారు."